గోడలు ఆరేదాకా ఉత్సాహం ఆరకుండా: వరదలో మునిగిన క్లబ్బును బాగు చేసుకోవడం

మీరు చెప్పినదాన్ని బట్టి పరిస్థితి ఇది. నది పొంగి మీ క్లబ్బులో నడుము లోతు నీళ్లు రెండు రోజులు నిలిచి, నిన్ననే దిగాయి. ఇటుక గోడల పాత భవనం. పెద్ద హాలు, చెక్క వేదిక, దాని వెనక నేలమాళిగ, పక్కన చిన్న గ్రంథాలయం ఉన్నాయి. పాత ఫొటోలు, సమావేశాల మినిట్స్ పుస్తకాలు ఆ గ్రంథాలయం బీరువాల్లోనే ఉన్నాయి. నలభై మంది సభ్యులు పారలతో సిద్ధంగా ఉన్నారు. వార్షికోత్సవానికి పది వారాలే ఉంది కాబట్టి ఆలోగా పూతలు, రంగులు ముగించి తెరవాలని కార్యవర్గం పట్టుబడుతోంది. అది కుదురుతుందా, ముందు దేని మీద చేయి వేయాలి అని అడిగారు.

పది వారాల్లో క్లబ్బు తెరవగలరు. పది వారాల్లో రంగులు మాత్రం వేయకండి. ఈ రెండు మాటలకు పొంతన లేదనిపించవచ్చు. నేను చెప్పదలచుకున్నదంతా ఆ రెండింటి మధ్యనే ఉంది.

ముప్పై ఏళ్లుగా పాత కట్టడాల మరమ్మతు పనిలో ఉన్నాను. వరద తర్వాత సభ్యులే పూనుకుని బాగు చేసుకున్న నాలుగు సంఘ భవనాల్లో వాళ్లతో కలిసి పనిచేశాను. నాలుగు చోట్లా ఒకటే చూశాను. మనుషుల ఉత్సాహానికి ఒక కాలం ఉంటుంది, గోడకు మరో కాలం ఉంటుంది. మొదటి వారం పిలవకపోయినా వంద చేతులు వస్తాయి. ఆరో వారానికి ఇరవై మిగులుతాయి, మూడో నెలకు పది కూడా ఉండవు. గోడ దీనికి తలకిందులు. మొదటి వారంలో దానికి మనం చేయగలిగింది తక్కువ. దానికి మన అవసరం నాలుగో నెలలో, ఐదో నెలలో పడుతుంది. చేతులు ఉన్నప్పుడే అన్నీ ముగించేయాలనే తొందరలో తడి గోడకు పూత పూయడం వల్లే ఇలాంటి పనులు చెడిపోతాయి.

మొదటిసారి నేనూ ఆ తొందరకు తలొగ్గాను. ఆరు వారాల్లో హాలంతా మెరిసిపోయింది, అందరూ చప్పట్లు కొట్టారు. మూడో నెలలో రంగు బొబ్బలెక్కింది. ఆ తర్వాత పూత పెచ్చులుగా ఊడింది, వెనక నల్లని బూజు పట్టి ఉంది. మళ్లీ చేయాలని పిలిస్తే మొదటిసారి వచ్చినవారిలో చాలామంది రాలేదు. వాళ్లను తప్పుపట్టలేను. చేసిన పని కళ్ల ముందే రాలిపోతే మళ్లీ పార పట్టబుద్ధి కాదు. ఆ క్లబ్బు కోలుకోవడానికి రెండేళ్లు పట్టింది, అందులో ఏడాదికి పైగా మా తొందర వల్ల పోయినదే. మీకు ఇంత పొడుగున రాయడానికి కారణం అదే.

ఇక పని సంగతి. బయటి నుంచి చూసుకునేదాకా ఎవరినీ లోపలికి పంపకండి. ముందు భవనం చుట్టూ ఒకసారి తిరగండి. పునాది పక్కన మట్టి కొట్టుకుపోయి గొయ్యి పడిందా, గోడల మీద ఏటవాలుగా కొత్త బీటలు వచ్చాయా, ఇంతకు ముందు సాఫీగా మూసుకున్న తలుపు ఇప్పుడు బిగుసుకుందా, పైకప్పు ఎక్కడైనా కిందికి వంగిందా చూడండి. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా స్ట్రక్చరల్ ఇంజినీరు చూసి సరేననేదాకా తలుపు తాళం తీయవద్దు. చిన్న బీట అయితే దాని రెండు కొసల దగ్గరా పెన్సిల్‌తో గీత గీసి తేదీ రాయండి. వారం తర్వాత బీట ఆ గీత దాటితే గోడ ఇంకా కదులుతోందని అర్థం. గ్యాస్ వాసన వస్తే స్విచ్చు ముట్టుకోకుండా బయటికి వచ్చేయాలి.

కరెంటు విషయంలో మొహమాటం పనికిరాదు. నీటిలో నిలబడి మెయిన్ స్విచ్ ముట్టుకోవద్దు. అక్కడికి పొడి నేల మీదుగా వెళ్లే దారి లేకపోతే విద్యుత్ సంస్థ వారినే పిలిచి బయట నుంచి సరఫరా తీయించండి. మునిగిన స్విచ్చులు, సాకెట్లు, బ్రేకర్లు ఆరబెట్టి మళ్లీ వాడే వస్తువులు కావు. పైకి పొడిగా కనిపించినా లోపల ఒండ్రు, తుప్పు ఉంటాయి. ‘నాకు వైరింగ్ వచ్చు’ అనే సభ్యుడు ప్రతి క్లబ్బులోనూ ఉంటాడు. ఆయన మనసు నొచ్చుకున్నా సరే, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ పరీక్షించేదాకా సరఫరా ఇవ్వకండి. ఈలోగా జనరేటర్ తెస్తే దాన్ని భవనం బయట, తలుపులకు, కిటికీలకు కనీసం ఆరు మీటర్ల దూరంలో పెట్టండి. వరండాలో కూడా వద్దు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. వరదను తప్పించుకున్నవారు ఆ తర్వాత జనరేటర్ పొగకు చనిపోయిన ఘటనలు ఎన్నో ఉన్నాయి.

మీ నేలమాళిగ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అందులో నీళ్లు నిండి ఉంటే పంపు పెట్టి ఒక్కసారిగా తోడేయాలనిపిస్తుంది. బయటి నేల ఇంకా నీటితో నిండి ఉంది కాబట్టి ఆ నీరు గోడలను లోపలికి నెడుతూ ఉంటుంది. లోపలి నీరే ఇప్పుడు దానికి ఎదురు నిలుస్తోంది. దాన్ని ఒక్కసారిగా తీసేస్తే గోడ లోపలికి కూలవచ్చు, గచ్చు పైకి ఉబకవచ్చు. రోజుకు మూడో వంతు చొప్పున తోడండి. తోడాక నీటి మట్టం దగ్గర గుర్తు పెట్టి మర్నాడు చూడండి. మట్టం మళ్లీ పెరిగి ఉంటే నేల ఇంకా సిద్ధంగా లేదని అర్థం. ఒకటి రెండు రోజులు ఆగండి.

బురద ఎత్తే ముందు ఫొటోలు తీయండి. ప్రతి గదికీ నాలుగు మూలల నుంచి, గోడ మీది నీటి చారకు టేపు పట్టి ఎత్తు కనిపించేలా, పాడైన ప్రతి వస్తువునూ విడివిడిగా తీయాలి. బీమా ఉంటే కంపెనీకి ఆ రోజే తెలియజేయండి. పారేసే తివాచీ, తెర, ప్లైవుడ్ నుంచి చిన్న చిన్న ముక్కలు కత్తిరించి ఒక సంచిలో దాచండి. ఇదంతా ఒక పూట పని. ఆ పూట ఓపిక పట్టకపోతే పరిహారం కోసం నెలల తరబడి తిరగాల్సి వస్తుంది.

బురద తీయడమే మీ నలభై మందికి తగిన పని. అది ఎంత బరువో లెక్క వేసుకోండి. పదిహేను మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు ఉన్న హాలులో పది సెంటీమీటర్ల మందాన ఒండ్రు పేరుకుంటే పదిహేను ఘనపు మీటర్లు అవుతుంది. తడి బురద ఘనపు మీటరు ఒకటిన్నర టన్నులకు పైనే తూగుతుంది కాబట్టి దాదాపు పాతిక టన్నులు చేత్తో ఎత్తాలి. అందుకే తడిగా ఉన్నప్పుడే తీయాలి. ఎండితే రాయిలా బిగుస్తుంది, చీపురు తగలగానే దుమ్మై ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ముందు పారలతో ఎత్తి, తర్వాత తక్కువ ఒత్తిడి నీటితో పై నుంచి కిందికి కడగండి. ఒత్తిడి ఎక్కువగా ఉండే పైపుతో కొడితే పాత ఇటుకల మధ్య సున్నం రాలిపోతుంది, మురుగు గాలిలోకి చిమ్ముతుంది. న్యూజీలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో 2010, 2011 భూకంపాల తర్వాత నేలలోంచి ఉబికిన ఒండ్రును వేలాది మంది విద్యార్థులు పారలు, చక్రాల బండ్లతోనే ఎత్తిపోశారు. అలాంటి పనికి గొప్ప నైపుణ్యం అక్కరలేదు, పద్ధతి కావాలి. నాలుగు గంటలకో జట్టు, ప్రతి జట్టుకూ ఒక బాధ్యుడు, ఇద్దరిద్దరు చొప్పున పని, వచ్చేటప్పుడు పోయేటప్పుడు పుస్తకంలో సంతకం. ఎవరు లోపల ఉన్నారో బయట ఒకరికి ఎప్పుడూ తెలిసి ఉండాలి.

ఆ నీళ్లు నది నీళ్లు మాత్రమే కావు, మురుగు కాలువలవి కూడా. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, మందపాటి చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి. బూజు కనిపించిన చోట మామూలు గుడ్డ మాస్కు చాలదు, ఎన్ 95 రకం కావాలి. ధనుర్వాతం టీకా వేయించుకుని పదేళ్లు దాటినవారు వైద్యుణ్ని కలవాలి. మురికి గాయమైతే ఐదేళ్లు దాటినా మళ్లీ వేయించుకోవాల్సి రావచ్చు. ఎలుకల మూత్రం కలిసిన నీటి వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ గురించి చాలామందికి తెలియదు. అది రెండు రోజుల నుంచి నెల రోజుల లోపు ఎప్పుడైనా జ్వరంగా బయటపడవచ్చు. కాబట్టి ఇంటికి వెళ్లే ప్రతి ఒక్కరికీ ఒక చీటీ ఇవ్వండి: ‘నెలలోపు జ్వరం, ఒళ్లు నొప్పులు వస్తే వరద బురదలో పనిచేశానని డాక్టరుకు చెప్పండి.’ ఆ ఒక్క మాట తెలిస్తే వైద్యుడు సరైన పరీక్ష రాయగలడు. పిల్లలను ఈ దశలో లోపలికి రానివ్వవద్దు.

కడిగిన తర్వాతే క్రిమిసంహారకం. బురద మీద బ్లీచ్ పోస్తే ఆ బురదే దాన్ని మింగేస్తుంది, క్రిములకు చేరదు. ముందు సబ్బు నీళ్లతో రుద్ది, తర్వాత ఇంటి వాడుక ద్రవ బ్లీచ్ పావు లీటరును ఇరవై లీటర్ల నీటిలో కలిపి గచ్చు తుడవండి. బ్లీచ్‌ను అమోనియాతో గానీ, మరుగుదొడ్లు కడిగే యాసిడ్‌తో గానీ ఎన్నడూ కలపకూడదు, విషవాయువు పుడుతుంది. ఈ మాటను నీళ్ల పీపాల దగ్గర పెద్ద అక్షరాలతో రాసి అంటించండి. ఆ పని చేసేవారు రోజూ మారుతుంటారు, అందరికీ నోటితో చెప్పడం కుదరదు.

ఇక మీరు ఒక్క వాక్యంలో తేల్చిన విషయానికి వస్తాను. బీరువాల్లోని ఫొటోలు, మినిట్స్ పుస్తకాలు. భవనం వారాలు ఆగుతుంది, కాగితం ఆగదు. తడిసిన కాగితం మీద 24 నుంచి 48 గంటల్లో బూజు మొదలవుతుంది. మీకు నీళ్లు దిగి ఒక రోజు అయింది. పారలు పట్టే నలభై మందిలో ఓపిక, మెత్తని చేతులు ఉన్న ఆరుగురిని విడదీసి ఈ రోజే ఈ పని మీద పెట్టండి.

ఫొటోలు ఒకదానికొకటి అంటుకుని ఉంటే అలాగే ఆరనివ్వకండి. ఆరితే ఇక విడిపోవు. శుభ్రమైన చల్లని నీటి తొట్టెలో ఉంచి, వాటంతట అవి వదులయ్యాక మెల్లగా తీయాలి. బొమ్మ ఉన్న వైపు వేలు పెట్టి రుద్దవద్దు, తడిసిన జిలటిన్ పొర వేలికి అంటుకుని వస్తుంది. కడిగాక బొమ్మ పైకి ఉండేలా పీల్చే కాగితం మీద పరచండి, లేదా అంచు పట్టి తీగకు వేలాడదీయండి. ఎండలో వద్దు. నీటిలోనైనా రెండు రోజులకు మించి ఉంచవద్దు. ఫ్రేములో అద్దానికి అంటుకుపోయిన ఫొటోను లాగకండి. అద్దంతో సహా పక్కన పెట్టి నిపుణులకు చూపించండి.

మినిట్స్ పుస్తకాల పద్ధతి వేరు. వాటిలో కలం సిరాతో రాసిన పేజీలు ఉంటాయి, వాటిని నీటిలో కడిగితే రాత కరిగిపోతుంది. పేజీల మధ్య పీల్చే కాగితాలు పెట్టి, తరచూ మారుస్తూ, ఫ్యాను గాలి పక్క నుంచి తగిలేలా ఉంచాలి. పుస్తకాలు ఎక్కువగా ఉండి చేతులు చాలకపోతే ఒక్కొక్క దానినీ మైనపు కాగితంలో చుట్టి డీప్ ఫ్రీజర్‌లో పెట్టేయండి. గడ్డకట్టిన పుస్తకంలో బూజు పెరగదు. నెలల తర్వాత నాలుగేసి చొప్పున తీసి ఆరబెట్టుకోవచ్చు. అద్దం మీద తీసిన పాత నెగటివ్‌లను మాత్రం ఫ్రీజర్‌లో పెట్టకండి, పగిలిపోతాయి.

ఇలాంటి పని ఎంత దూరం వెళ్తుందో తెలియడానికి రెండు సంగతులు చెబుతాను. 1966 నవంబరు 4న ఆర్నో నది ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరాన్ని ముంచింది. జాతీయ కేంద్ర గ్రంథాలయం నేలమాళిగల్లో పుస్తకాలు బురదలో కూరుకుపోయాయి. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన యువతీయువకులు వరుసగా నిలబడి చేతులు మార్చుకుంటూ వాటిని పైకి అందించారు. ఆ ఊరు వాళ్లను ‘బురద దేవదూతలు’ అని పిలుచుకుంది. పుస్తకాలను పైకి తీయడం వారాల్లో జరిగింది, వాటిని బాగు చేయడం దశాబ్దాల పాటు సాగింది. రెండోది జపాన్‌లోనిది. 2011 మార్చి సునామీ తర్వాత మియాగి ప్రాంతంలోని యమమోతో అనే చిన్న పట్టణంలో బురదలో దొరికిన సుమారు 7,50,000 ఫొటోలను స్వచ్ఛంద సేవకులు కడిగి, ఆరబెట్టి, డిజిటల్ ప్రతులు తీసి, సొంతదారులు వెతుక్కునేలా అమర్చారు. ఇళ్లు పోయినవారు వచ్చి ఆ ఫొటోల్లో తమవాళ్లను వెతుక్కున్నారు. మీ బీరువాలో ఉన్నవి ఏ కొన్ని వందలో కావచ్చు. మీ సభ్యులకు వాటి విలువ అంతే ఉంటుంది.

పెద్దవయసు సభ్యులు పార పట్టలేమని బాధపడుతూ గేటు దగ్గర నిలబడతారు. ప్రతి చోటా చూశాను. వాళ్లను కుర్చీ వేసి ఈ ఫొటోల దగ్గర కూర్చోబెట్టండి. ఎవరెవరో, ఏ సంవత్సరమో వాళ్లకే తెలుసు. వాళ్లు చెబుతుంటే ఒక యువకుడు రాసుకోవాలి. వరద రాకపోతే ఆ వివరాలు ఎప్పటికీ కాగితం మీదికి వచ్చేవి కావేమో.

సామాను పారేసేటప్పుడు రెండు కుప్పలు కాదు, మూడు పెట్టండి: ఉంచాల్సినవి, పోవాల్సినవి, తర్వాత తేల్చాల్సినవి. పొట్టుచెక్క బీరువాలు, ఉబ్బిన ప్లైవుడ్, పరుపులు, తివాచీలు మురుగు నీరు తాగాక దేనికీ పనికిరావు. గట్టి కలపతో చేసిన కుర్చీ, బల్ల నీడలో నెమ్మదిగా ఆరితే బతుకుతాయి. నేను పనిచేసిన ఒక క్లబ్బులో వెనకటి అధ్యక్షుల పేర్లు చెక్కిన చెక్క పలకను, బురద కప్పి ఉండటంతో ఏమిటో తెలియక, సాయానికి వచ్చిన కుర్రవాళ్లు చెత్త బండిలోకి ఎత్తేశారు. వాళ్ల తప్పు లేదు. దాన్ని గుర్తుపట్టగలిగిన మనిషిని ఆ గదిలో నిలబెట్టకపోవడం మా తప్పు. మూడో కుప్ప పక్కన పాత సభ్యుడు ఒకరు రోజంతా ఉండాలి, ఆయన చూడకుండా ఏదీ గేటు దాటకూడదు.

ఇక్కడితో మొదటి వారం ముగుస్తుంది. రెండో దశకు పెద్ద జట్టు అక్కరలేదు, అది నెలల తరబడి సాగుతుంది. గోడలు ఆరడం. ఇటుక గోడ ఒక వైపు నుంచి నెలకు దాదాపు 25 మిల్లీమీటర్ల లోతు ఆరుతుందని మా పనిలో వాడుకలో ఉన్న లెక్క. తొమ్మిదంగుళాల గోడ రెండు వైపులా గాలి తగిలి ఆరినా నాలుగైదు నెలలు పడుతుంది. పైన చేయి పెడితే పొడిగానే ఉంటుంది, లోపల తడి ఉంటుంది. సిమెంటు పూత, ప్లాస్టిక్ రంగు ఆ తడికి దారి మూసేస్తాయి. కాబట్టి నీటి చారకు ఒకటిన్నర అడుగుల పై దాకా ఊడుతున్న పూతను కొట్టేసి ఇటుకను గాలికి వదిలేయండి. జిప్సం బోర్డు గోడలు ఉంటే అదే ఎత్తు వరకు కోసి, లోపలి దూదిపొరలను తీసేయాలి. అయితే పాత భవనం కాబట్టి, పైకప్పు రేకుల్లో, పైపుల చుట్టూ పొరల్లో, గచ్చు పలకల్లో ఊపిరితిత్తులను దెబ్బతీసే ఆస్బెస్టాస్ నార ఉందేమో తేల్చుకోకుండా పగలగొట్టవద్దు, కోయవద్దు. పాత రంగుల్లో సీసం ఉండవచ్చు, పొడిగా గీకవద్దు.

బయటి గాలి పొడిగా ఉన్న రోజు కిటికీలన్నీ తీసి, ఫ్యాన్లు బయటి వైపు పెట్టండి. గాలి చెమ్మగా ఉన్న రోజు, వాన రోజు కిటికీలు మూసి, తేమ పీల్చే యంత్రం నడపండి. రెండూ ఒకేసారి చేస్తే ఆ యంత్రం ఊరి గాలినంతా ఆరబెట్టబోతుంది. గాలి ఆడకుండా హీటర్లు పెట్టడం అన్నిటికంటే చెడ్డది, వెచ్చదనం, తేమ కలిస్తే బూజుకు పండగే. గోడ మీద తెల్లని ఉప్పు పొర పొంగితే భయపడకండి, ఆరుతోందనడానికి గుర్తు అది. పొడి బ్రష్షుతో దులపండి, నీళ్లతో కడిగితే ఉప్పు మళ్లీ లోపలికి పోతుంది.

ఆరిందో లేదో కంటితో తేల్చవద్దు. అడుగున్నర చదరపు ప్లాస్టిక్ కాగితాన్ని గోడకు నాలుగు వైపులా టేపుతో అంటించి, కనీసం పదహారు గంటలు వదలండి. వెనక చెమట పట్టినట్లు నీటి బొట్లు ఉంటే ఇంకా ఆగాలి. చెమ్మ మీటరు దొరికితే మరీ మంచిది. అయితే ఇటుక మీద అది చూపే అంకెకు విడిగా అర్థం లేదు. నీళ్లు తాకని పై భాగంలో గోడ ఎంత చూపుతుందో చూసి, దానితో పోల్చుకోవాలి.

చెక్క వేదికకు ఆ అంకె నేరుగా పనికొస్తుంది. 15 నుంచి 16 శాతానికి దిగేదాకా కింది భాగాన్ని మూయకూడదు, పాలిష్ పెట్టకూడదు. నీరు తాగిన పలకల అంచులు పైకి లేచి దోనెల్లా అవుతాయి. దాన్ని చూడలేక ఎవరో ఒకరు రందా పట్టుకొస్తారు. ఆపండి. ఇప్పుడు అంచులు చెక్కేస్తే, ఆరాక పలక చదునై, చెక్కిన అంచులు పల్లమై, నడుమ గూని లేస్తుంది. అప్పుడు పలక మార్చడం తప్ప దారి ఉండదు. ఇప్పుడు చేయాల్సింది కొన్ని పలకలు అక్కడక్కడా ఊడదీసి కింది బురద తీసి, గాలి ఆడనివ్వడం మాత్రమే.

ఈ నెలల్లో మనుషులను ఎలా నిలుపుకోవాలన్నది మీరు అడగలేదు, కానీ పని నిలిచేది దాని మీదే. మొదటి శనివారమే, అందరూ ఉన్నప్పుడు, ఒక కాగితం తిప్పండి: ‘నాలుగో నెలలో రెండు రోజులు, ఐదో నెలలో రెండు రోజులు ఎవరు ఇవ్వగలరు?’ పేరు, తేదీ రాయించుకోండి. ఉత్సాహం నిండుగా ఉన్న రోజున దానిలో కొంత ముందుకు దాచుకోవడం ఇది. పూతకు, రంగుకు, వేదికకు అప్పుడు చేతులు దొరుకుతాయి. మధ్య నెలలకు ముగ్గురు చొప్పున నాలుగు జట్లు చాలు: వారానికి ఒక జట్టు, అందులో ఒకరు కిటికీల పని, ఒకరు మీటరు అంకెలు, ఒకరు ఫొటో. ఆ అంకెలను తలుపు మీద పట్టికగా అంటించండి. కార్యవర్గం తొందరపడినప్పుడు మీరు వాదించనక్కరలేదు, పట్టికే చెబుతుంది.

సభ్యుల్లో కొందరి ఇళ్లు కూడా మునిగి ఉంటాయి. వాళ్లలోనే కొందరు తమ ఇల్లు వదిలి క్లబ్బుకు వస్తారు, ఇంటిని చూడలేక. వచ్చిన ప్రతి ఒక్కరినీ ముందు ‘మీ ఇల్లు ఎలా ఉంది?’ అని అడగండి. మొదటి వారం మధ్యలో ఒక రోజు మీ జట్లను వాళ్ల ఇళ్లకు పంపండి. క్లబ్బు పని ఒక రోజు వెనకబడుతుంది. పడనివ్వండి. సభ్యుల ఇళ్లలో బురద ఎత్తని క్లబ్బుకు హాలు ఎందుకు?

లెక్కలు రెండు రాయండి. ఒకటి డబ్బు లెక్క: ఇద్దరి సంతకం లేకుండా ఖర్చు వద్దు, వారానికోసారి బోర్డు మీద పెట్టండి. రెండోది గంటల లెక్క. దీన్ని చాలామంది వదిలేస్తారు. ఎవరు ఎన్ని గంటలు ఏ పని చేశారో రాసి ఉంటే, సాయం కోసం దరఖాస్తు పెట్టేటప్పుడు అది మీ వాటాగా చూపించుకోవచ్చు. అమెరికాలో విపత్తు సాయం ఇచ్చే ఫెమా, స్థానికులు భరించాల్సిన వాటాలో స్వచ్ఛంద సేవ గంటలను లెక్కలోకి తీసుకుంటుంది. మీ దగ్గరి పథకాల్లో అలాంటి నియమం ఉందేమో మొదటి వారమే కనుక్కోండి, తర్వాత గంటలు గుర్తు తెచ్చుకుని రాయలేరు. వస్తువులు ఇస్తామని వచ్చేవారికి మీకు కావలసిన వస్తువు పేరు, సంఖ్య చెప్పండి. లేకపోతే ఆరాల్సిన హాలులో పాత సోఫాలు చేరతాయి.

ఇప్పుడు వార్షికోత్సవం. హాలును ఇటుక బయటపడిన గోడలతో, కడిగిన గచ్చుతో, తాత్కాలిక దీపాలతో తెరవండి. భవనం గట్టిగా ఉందని ఇంజినీరు, సరఫరా సురక్షితమని ఎలక్ట్రీషియన్ చెబితే చాలు, రంగు అక్కరలేదు. ఆరిన ఫొటోలను తీగల మీద వేలాడదీసి చూపించండి. వారానికి రెండు సాయంత్రాలు తలుపులు తీసి, ఎవరైనా వచ్చి కూర్చునేలా చేయండి, గోడలకు ఆ గాలి కూడా మంచిదే. జపాన్‌లోని ఒఫునాతోలో సునామీ తర్వాత పెద్దవయసువారు పూనుకుని, ఒక పాత రైతు ఇంటిని విప్పి తెచ్చి మళ్లీ కట్టించుకుని, 2013లో ‘ఇబాషో’ అనే కలుసుకునే చోటు తెరిచారు. ఆ మాటకు ‘మనం ఉండదగిన చోటు’ అని అర్థం. దాన్ని నడిపేది ఆ పెద్దలే. విపత్తు తర్వాత మనుషులకు ముందుగా కావలసింది అలాంటి చోటు. అది పూర్తయ్యేదాకా వేచి ఉండమంటే ఎవరి దారి వారు చూసుకుంటారు. క్లబ్బు తెరిచి ఉంటే మాత్రం నాలుగో నెలలో పూతకు పిలిచినప్పుడు వచ్చేది ఆ సాయంత్రాలకు వచ్చేవాళ్లే.

గోడ ఆరాక పూత పూసేటప్పుడు వరద మళ్లీ వస్తుందనుకునే పూయండి. నీటి చార వరకు సున్నపు పూత పూసి, దాని మీదా సున్నమే వేయండి, అది గోడను ఊపిరి పీల్చుకోనిస్తుంది. సాకెట్లు, మీటర్లు ఆ చారకు పైన పెట్టించండి. మురుగు గొట్టానికి నీరు వెనక్కి రాకుండా ఆపే వాల్వు బిగించండి. ఫొటోల బీరువా మేడ మీదికి వెళ్లాలి, మేడ లేకపోతే డిజిటల్ ప్రతులు ఇద్దరి ఇళ్లలో ఉండాలి. రంగు వేసే రోజుకు నీటి చార ఎక్కడిదో ఎవరికీ గుర్తుండదు కాబట్టి, ఇప్పుడే ఆ ఎత్తున ఇటుకలో ఒక మేకు కొట్టించి, తర్వాత దాని మీద తేదీ చెక్కిన చిన్న రాతి పలక పెట్టించండి. జర్మనీలోని పస్సౌలో పట్టణ సభాభవనం గోపురం మీద శతాబ్దాల వరద మట్టాలు అలాగే గుర్తు పెట్టి ఉన్నాయి, 2013లో వచ్చిన 12.89 మీటర్ల వరదతో సహా. మీ తర్వాత ఆ హాలులో కొత్త సాకెట్ పెట్టబోయే ఎలక్ట్రీషియన్‌కు ఎంత ఎత్తున పెట్టాలో ఆ పలక చెబుతుంది.